మూడు వయసులు, ఒకే చాప

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుందామని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు ముందుగా చేసే పని, బడి టైమ్‌టేబుల్‌ని ఇంటికి తెచ్చుకోవడం. ఎడమ పక్కన తొమ్మిది నుంచి మూడు దాకా గంటలు, పైన పిల్లల పేర్లు, మధ్యలో గళ్లు. తొమ్మిదింటికి పదమూడేళ్ల పెద్దమ్మాయికి బీజగణితం, ఎనిమిదేళ్ల నడిపివాడికి తెలుగు, నాలుగేళ్ల చిన్నదానికి అక్షరాలు. కాగితం మీద ఏ లోపమూ కనిపించదు. కానీ ఆ తొమ్మిదింటి గడిలో ముగ్గురికీ కావలసింది ఒకే అమ్మ. పెద్దది సమీకరణం దగ్గర ఆగిపోతుంది, ఒత్తు ఎక్కడ పెట్టాలని నడిపివాడు అడుగుతాడు, పలక మీద గీసింది చూడమని చిన్నది చెయ్యి పట్టుకు లాగుతుంది. బడిలో తరగతికో టీచరు ఉంటారు కాబట్టి ఆ గళ్ల పట్టిక అక్కడ నడుస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఒక్క టీచరు. పొయ్యి మీద పప్పు చూసుకోవలసింది కూడా ఆ టీచరే.

అందుకని ఈ అధ్యాయంలో నేను మళ్లీ మళ్లీ చెప్పబోయేది ఒక్కటే. టైమ్‌టేబుల్ ముందు మీకు వేసుకోండి. రోజులో ఏ వేళ మీ ధ్యాస పూర్తిగా ఏ బిడ్డ మీద ఉంటుందో రాసుకోండి. ఆ వేళ మిగతా ఇద్దరూ మీ సాయం లేకుండా ఏం చేయగలరో దాని పక్కన రాయండి. రోజంతా ఈ రెండింటి చుట్టూ అమరుతుంది.

ఒకే పంతులు, రకరకాల వయసుల పిల్లలు అన్నది మన ఊళ్లకు పాత చిక్కే. 1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున పన్నెండు, పదమూడు మంది, వయసులు మాత్రం రకరకాలు. పొద్దున్న ఆరింటికి బడి మొదలయ్యేది. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు వరసలో వెనకబడిన కొద్దీ దెబ్బలు పెరిగేవి. ఆ భాగం మనకు వద్దు. ఆ తర్వాత జరిగేదే మనకు పనికొస్తుంది. ఎవరికి ఎంతవరకు వచ్చిందో చూసి పిల్లల్ని మామూలుగా నాలుగు జట్లు చేసేవారు. చిన్న జట్లను కొంతవరకు పెద్ద పిల్లలు చూసుకునేవాళ్లు. పై జట్లకు పంతులే దగ్గరుండి చెప్పేవాడు, కన్ను మాత్రం బడి మొత్తం మీద వేసి ఉంచేవాడు. కొత్తగా చేరినవాడు ఒక పక్కన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకునేవాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడంలో వాళ్లకు వచ్చిందే ఇంకా గట్టిపడుతుందని క్యాంప్‌బెల్ ఈ పద్ధతిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

మన కాలంలో ఇదే చిక్కును ఎంతో శ్రద్ధగా విప్పింది మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే అన్ని తరగతులనూ నడిపే బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒక పద్ధతి తయారు చేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా అమర్చారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉంటే అక్కడి కార్డు తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు పక్కన కూర్చుని చేసేవి, కొన్ని టీచరు మొదలుపెట్టించి వదిలేసేవి, కొన్ని తోటి పిల్లలతో చేసేవి, కొన్ని ఒంటరిగా చేసేవి. తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వచ్చిన కృత్యాధార బోధనకు మూలం ఇక్కడే ఉంది.

ఈ నాలుగు రకాలనూ మీ ఇంటికి తెచ్చుకోండి. కార్డులు ముద్రించుకోనక్కర్లేదు. రేపు ప్రతి బిడ్డా చేయబోయే పనులు ఒక కాగితం మీద రాసి, ఒక్కో దాని పక్కన ఇది నా పక్కన కూర్చుని చేసేదా, నేను మొదలుపెట్టించి లేచిపోగలిగేదా, అక్కతోనో తమ్ముడితోనో చేసేదా, ఒంటరిగా చేసేదా అని గుర్తు పెట్టుకోండి. ముగ్గురి కాగితాల్లోనూ అన్నీ మొదటి రకమే ఉంటే ఆ రోజు పదకొండింటికల్లా కూలిపోతుంది. దాన్ని ఎంత ఓపికా నిలబెట్టలేదు.

ఇక గంటల లెక్క. ఇంటి చదువు మొదలుపెట్టినవాళ్లకు పట్టుకునే మొదటి భయం, బడి పిల్లలు ఆరేడు గంటలు చదువుతుంటే మనవాళ్లు వెనకబడిపోతారేమోనని. విద్యా హక్కు చట్టం షెడ్యూలు చూడండి. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకు నాలుగు గంటలన్నమాట. 6 నుంచి 8 తరగతులకు 220 రోజులు, 1,000 గంటలు, రోజుకు నాలుగున్నర. ప్రాథమిక తరగతుల్లో ఒక టీచరుకు 30 మంది దాకా పిల్లలు ఉండవచ్చని అనుకున్న చోట వేసిన లెక్క ఇది. హాజరు పిలవడం, అందరూ రాసేదాకా ఆగడం, గోల సద్దుమణిగేదాకా ఎదురుచూడడం అన్నీ అందులోనే పోతాయి. పక్కన కూర్చుని ఒక్కరికి చెప్పేటప్పుడు ఇవేవీ ఉండవు. నా అంచనాలో నాలుగేళ్ల బిడ్డకు కూర్చోబెట్టి చెప్పేది పావుగంట చొప్పున రెండు సార్లు చాలు. ఎనిమిదేళ్లవాడికి గంటన్నర నుంచి రెండు గంటలు. పదమూడేళ్ల పిల్లకు నాలుగు గంటలు, అందులో సగానికి పైగా తనంతట తాను చేసుకునేది. ఈ మూడూ కలిపినా మీరు పక్కన కూర్చోవలసింది రెండున్నర, మూడు గంటలు దాటదు. ఒక మనిషి మోయగలిగిన బరువే అది.

గడియారం చూసి నడిపించకండి. ఇంట్లో రోజూ ఎలాగూ తప్పని వేళలు కొన్ని ఉంటాయి. టిఫిను, మధ్యాహ్నం అన్నం, చిన్నదాని కునుకు, సాయంత్రం పాలు, దీపాలు పెట్టే వేళ. చదువును వీటికి ముడివెయ్యండి. "తొమ్మిదింటికి లెక్కలు" అని రాస్తే ఒకరోజు టిఫిను ఆలస్యమైనా మీరు ఓడిపోయినట్టే అనిపిస్తుంది. "టిఫిను గిన్నెలు తీసేశాక లెక్కలు" అని రాస్తే టిఫిను ఎనిమిదింటికి అయినా తొమ్మిదింటికి అయినా వరస చెడదు. చిన్నపిల్లలకు గంటలు తెలియవు, వరస తెలుస్తుంది. నాలుగేళ్ల బిడ్డ కూడా రెండు వారాల్లో ఆ వరస పట్టేసి మీకే గుర్తు చేస్తుంది.

పొద్దున్న మొదటి వంతు చిన్నదానికి ఇవ్వండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పెద్దదాని చదువు ముఖ్యం కదా అని దానితో మొదలుపెడతారు, చిన్నది ఆ గంటంతా ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు. పొద్దున్నే పావుగంట ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పి, ఇసుకలోనో బియ్యంలోనో రెండక్షరాలు దిద్దించి, అది చెప్పే కబుర్లన్నీ విన్నారంటే ఆ తర్వాత అరగంట దాని ఆటలో అది మునిగిపోతుంది. అమ్మ ధ్యాస కోసం ఆకలిగా ఉన్న పిల్లే గోల చేస్తుంది. ఆ అరగంట కోసం ఒక బుట్ట విడిగా పెట్టండి. చింతపిక్కలు, పెద్ద గుండీలు, పాత క్యాలెండరు కాగితాలు, మూతలున్న డబ్బాలు, రంగు సుద్దలు. ఇంట్లో మూడేళ్ల లోపు పసివాళ్లు కూడా ఉంటే పిక్కలు, గుండీలు అసలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. ఆ బుట్ట ఈ వేళ తప్ప ఇంకెప్పుడూ అలమారలోంచి దిగకూడదు. రోజంతా అందుబాటులో ఉన్న బొమ్మకు అరగంట ఆకర్షణ ఉండదు. ఫోన్ చేతికిస్తే పని తేలికే. కానీ 3, 4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తంలో స్క్రీన్ గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటను పొద్దున్నే ఖర్చు పెట్టెయ్యకండి.

చిన్నది బుట్టతో కూర్చోగానే రెండో వంతు నడిపివాడిది. ఈ వయసుకు మీ ధ్యాస అందరికన్నా ఎక్కువ కావాలి. చదవడం వచ్చీ రానట్టు ఉంటుంది, కూడికలు వచ్చి భాగహారాలు తడబడుతుంటాయి, ఒంటరిగా వదిలేస్తే తప్పునే పదిసార్లు రాసి గట్టి చేసుకుంటాడు. ఇరవై నిమిషాల పాఠాలు రెండు, మధ్యలో వీధి చివరిదాకా ఒక పరుగు. పాత చందమామ కథ ఒక పేజీ వాడు పైకి చదవాలి, ఆపైన పుస్తకం మూసి ఏం జరిగిందో తన మాటల్లో చెప్పాలి. ఎలా చెబుతున్నాడో వినండి. మధ్యలో సంఘటన వదిలేశాడంటే అక్కడ చదివాడే గాని అర్థం కాలేదని తెలిసిపోతుంది, పరీక్ష పెట్టక్కర్లేదు. ఎక్కాలు మాత్రం ఒకే రోజు గంటసేపు వల్లె వేయించవద్దు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లోనే తన జ్ఞాపకం మీద తానే ప్రయోగాలు చేసి, ఒకేసారి ఎక్కువసార్లు చదివినదానికన్నా కొన్ని రోజుల మీద పంచుకుని చదివింది తక్కువ శ్రమతో నిలుస్తుందని చూపించాడు. ఏడో ఎక్కం రోజుకు ఐదు నిమిషాలు, వారం రోజులు. బట్టలు ఆరేసేటప్పుడు చెప్పించుకోవచ్చు.

ఈలోగా పెద్దమ్మాయి ఏం చేస్తోంది? బహుశా ఇప్పుడే నిద్ర లేచింది. లేవనివ్వండి. తెల్లవారుజామున ఐదింటికి లేపి పుస్తకం ముందు కూర్చోబెడితేనే చదువు వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఈడు వచ్చేటప్పుడు ఒంట్లో నిద్ర వేళే వెనక్కి జరుగుతుంది. రాత్రి పదిన్నరకు గాని కళ్లు మూతపడని పిల్లను ఐదింటికి లేపితే రోజూ గంటన్నరకు తక్కువ కాకుండా నిద్ర దోచుకున్నట్టే. బడి బస్సు లేకపోవడం వల్ల ఇంటి చదువుకు వచ్చిన పెద్ద లాభం ఇది. చేతులారా పోగొట్టుకోకండి.

ఆ పిల్లకు గంటల పట్టిక అసలు వద్దంటాను. రోజుకు చేయవలసిన పనుల జాబితా ఇవ్వండి, వరస తననే ఎంచుకోనివ్వండి. తెలుగులో 'రైలుబడి'గా చదువుకున్న జపాన్ పుస్తకంలోని తోమోయె బడిలో అలాగే జరిగేది. ఆ రోజు చేయవలసినవన్నీ టీచరు పొద్దున్నే బోర్డు మీద రాసేసేది, ఎవరు దేనితో మొదలుపెడతారన్నది పిల్లల ఇష్టం. ఒకరు వ్యాసరచనతో, ఒకరు సైన్సుతో మొదలుపెట్టేవారు. ఎవరు దేన్ని ఇష్టంగా ముందు అందుకుంటున్నారో, దేన్ని ఆఖరుకు తోస్తున్నారో టీచరుకు రోజూ కనిపించేది. మీ అమ్మాయి వారం రోజుల పాటు భౌతికశాస్త్రాన్ని జాబితా అడుగుకు నెడుతోందంటే అక్కడ ఏదో అర్థం కాలేదు. అప్పుడు మందలించకుండా పక్కన కూర్చోండి. ఆ కూర్చునే వేళ మధ్యాహ్నం, చిన్నది కునుకు తీసేటప్పుడు. నడిపివాడు అప్పుడు బొమ్మలు వేసుకుంటాడో, కథల పుస్తకం పట్టుకుంటాడో. ఆ ముప్పావుగంట పెద్దదానికే. కొత్త పాఠం మీరు చెప్పాలని లేదు. పొద్దుటి నుంచి తను చేసింది చూడండి, ఎక్కడ ఆగిందో అడగండి, మీకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.

ముగ్గురూ ఒకే చాప మీద కూర్చునే అరగంట ఒకటి రోజూ ఉండాలి. దీన్ని నేను అన్నిటికన్నా ముఖ్యంగా పట్టించుకుంటాను, ఎందుకంటే మీ శ్రమను మూడింతల నుంచి ఒక వంతుకు తగ్గించేది ఇదే. విషయం ఒక్కటి, లోతులు మూడు. ఇడ్లీ పిండి తీసుకోండి. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. చిన్నది గ్లాసులు లెక్కపెట్టి పోస్తుంది, నానిన పప్పును చేత్తో పిసికి పొట్టు ఎలా జారిపోతుందో చూస్తుంది. నడిపివాడికి లెక్క: మన ఐదుగురికి ఇది సరిపోతే, రేపు పిన్నివాళ్లు వచ్చి పదిమంది అయితే ఎంత? రెండు, నాలుగు అని టక్కున చెబుతాడు. మరి ఏడుగురే అయితే? వాడు ఆగిపోతాడు. అప్పుడు అక్క కాగితం తీసుకుని నిష్పత్తి వేసి ఒకటి పాయింట్ నాలుగు గ్లాసుల పప్పు అని తేలుస్తుంది. ఒకటిన్నర వేస్తే సరిపోతుందిగా అంటాడు వాడు. ఉజ్జాయింపు అంటే ఏమిటో మీరు చెప్పక్కర్లేకుండా వాడికి వచ్చేసింది. రుబ్బిన పిండి కొంచెం గాజు సీసాలో సగం దాకా పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు చుట్టి పెట్టండి. తెల్లారి ముగ్గురూ ముందు దాని దగ్గరికే పరిగెత్తుతారు. ఎంత పొంగిందో నడిపివాడు స్కేలుతో కొలుస్తాడు. పిండిలోని సూక్ష్మజీవులు చక్కెరలను తింటూ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ వదలడం వల్లే పొంగిందని, చలికాలంలో అవి మెల్లగా పనిచేయడం వల్లే జనవరిలో పిండి పులవదని పెద్దది చదివి తమ్ముడికి చెబుతుంది. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి ఆ కొలతలు రాసి పెట్టుకుంటే తనకది ఒక ప్రాజెక్టు.

అన్నిటినీ ఇలా కలపవచ్చని అనుకోవద్దు. కథలు, చరిత్ర, సైన్సు, పద్యాలు, పాటలు కలుస్తాయి. లెక్కల పాఠం, చదవడం నేర్పడం కలవవు. అవి ఎవరి మెట్టు మీద వాళ్లవే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్దది చిన్నవాళ్లకు చెప్పడం మంచిదన్నాను, బళ్లారి పంతుళ్లూ అదే చేశారు. కానీ మన ఇళ్లలో ఆ పెద్దది ఆడపిల్ల అయితే చెప్పడం కాస్తా చూసుకోవడంగా మారిపోవడానికి నెల చాలు. తమ్ముడి అన్నం, చెల్లెలి స్నానం, మధ్యలో వచ్చిన చుట్టాలకు కాఫీ, ఆ తర్వాత మిగిలితే తన బీజగణితం. ఇల్లే బడి అయినప్పుడు ఇది బయటివాళ్ల కళ్లకు కూడా కనిపించదు. అక్క పాఠం చెప్పేది రోజుకు ఇరవై నిమిషాలకు మించకూడదు, అది కూడా తను ఎంచుకున్న విషయం మీద. తన నాలుగు గంటల్లోంచి ఆ వేళను తీసుకోకూడదు. ఇంటి పనిలో పిల్లలందరికీ వాటా ఉండాలి, ఎనిమిదేళ్ల మగపిల్లాడికి కూడా. అన్నాల తర్వాత కంచాలు తీయడం వాడి పనిగా పెట్టండి.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ వంతులు పొద్దుటికి, సాయంత్రానికి పంచుకోవలసి వస్తుంది. టిఫినుకు ముందు చిన్నది అమ్మ దగ్గర, ఆఫీసు నుంచి వచ్చాక నడిపివాడు నాన్న దగ్గర, భోజనాల తర్వాత పెద్దది ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల దగ్గర. మధ్యాహ్నం ఇంట్లో ఉండే తాతయ్యో అమ్మమ్మో చాప మీద కథల వేళ చూసుకుంటే చాలు, పాఠాల భారం వాళ్ల మీద వెయ్యకండి. సాయంత్రం గంట సేపు ముగ్గురూ బయట ఆడాలి. ఐదేళ్లు దాటినవాళ్లకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలి. ఇంటి చదువు పిల్లలకు తోటివాళ్ల సావాసం దొరికేది కూడా ఎక్కువగా ఆ గంటలోనే.

పెద్దమ్మాయి విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. ఇంటి చదువు గురించి విద్యా హక్కు చట్టం విడిగా ఏమీ చెప్పదని, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత మాత్రం తల్లిదండ్రుల మీద పెట్టిందని ముందు అధ్యాయంలో చూశాం. అది తెలిసి అడుగు వేసినవాళ్లకు పదో తరగతి దారి సార్వత్రిక విద్యాపీఠాలే. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండినవాళ్లకు పదో తరగతిలో ప్రవేశం ఇస్తుంది, తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వాటి సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్ పరీక్షలు ఏడాదికి రెండు విడతలు జరుగుతాయి, నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. కాబట్టి పదమూడో ఏట పెద్దదాని జాబితాలో ఐదు సబ్జెక్టులూ రోజూ ఉండనవసరం లేదు. ముందు రాయదలచుకున్న రెండింటికి రోజూ చోటు, మిగతా మూడూ వారంలో రెండు రోజులు.

ఇవన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టకండి. మొదటి వారం పొద్దుటి చిన్నదాని పావుగంట, చాప మీద అరగంట, ఈ రెండే. అవి కుదిరాక నడిపివాడి వంతు కలపండి, మూడో వారం పెద్దదాని మధ్యాహ్నం. జ్వరాలు, పెళ్లిళ్లు, కరెంటు కోతలు వచ్చిన రోజున చాప మీది అరగంట ఒక్కటి నిలబెట్టుకుని తక్కినవి వదిలెయ్యండి, మర్నాడు రెండింతలు చేయించి తీర్చుకోవాలని చూడకండి. శనివారం సాయంత్రం పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటే అడగండి: ఈ వారం అమ్మ కోసం ఎప్పుడు ఎక్కువసేపు ఎదురుచూశావు? నాలుగేళ్లది కూడా తనకు తోచినట్టు చెబుతుంది. ఎక్కువ ఎదురుచూసిన బిడ్డ వంతును వచ్చే సోమవారం ఒక అడుగు ముందుకు జరపండి.